అమ్మ ఫొటో, నా గొంతు

ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు యాభై దాటింది. ఉద్యోగం మానేసి ఆరేళ్లుగా అమ్మను చూసుకుంటున్నారు. అమ్మగారికి 78 ఏళ్లు, డిమెన్షియా. ఒకప్పుడు స్కూల్లో హెడ్మిస్ట్రెస్. ఇంట్లో ఉన్నా తల దువ్వుకోకుండా గుమ్మం దాటని మనిషి. ఇప్పుడు కూతుర్ని చూసి "ఎవరమ్మా నువ్వు, పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నావు" అంటారట.

నాలుగు నెలల క్రితం ఈమె మూడు రోజుల వర్క్‌షాప్ ఒకదానికి వెళ్లారు. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లు తమ అనుభవాన్ని తామే చిన్న సినిమాగా చేసుకునే వర్క్‌షాప్ అది. ఈమె చేసినది 2 నిమిషాల 50 సెకన్లు. పద్నాలుగు ఫొటోలు, వెనక సొంత గొంతు. అందులో రెండు ఘట్టాలు ఉన్నాయి. ఒకటి ఆస్పత్రిలో జరిగింది. అమ్మ ముక్కులో గొట్టం పీకేసుకుంటోందని ఒక చెయ్యి రాత్రంతా మంచానికి కట్టేశారు. ఈమెను బయట కూర్చోమన్నారు. తెల్లారాక తీసిన ఫొటో సినిమాలో ఉంది. జుట్టు చెదిరి, నోరు తెరుచుకుని, మణికట్టుకు గుడ్డతో అమ్మ. రెండోది ఇంటికొచ్చాక ఒక రాత్రి. అయిదోసారి పక్కగుడ్డలు మార్చాక ఏం జరిగిందో ఈమె ఒక్క మాటలో చెబుతారు: "అమ్మ మీద చెయ్యి ఎత్తాను."

ఆ ఆస్పత్రి శిక్షణ విభాగం వాళ్లు దీన్ని నర్సింగ్ విద్యార్థులకు చూపిస్తామని అడిగారు. వర్క్‌షాప్ నిర్వాహకులు నెట్‌లో పెడదామంటున్నారు. ఎక్కువమందికి చేరుతుందని వాళ్ల ఉద్దేశం. మొదటి రోజే ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు, రెండో సంతకం ఈ నెలాఖరులోగా కావాలంటున్నారు. వేరే ఊళ్లో ఉంటూ నెలనెలా డబ్బు పంపే అన్నయ్య ఫోన్లో సినిమా చూసి, "అమ్మకు తెలివిడి ఉంటే దీనికి ఒప్పుకునేదా?" అన్నారు. ఆ తర్వాత, "నేను లేనట్టే చేశావు" అన్నారు. నెల రోజులుగా ఫోన్ లేదు.

చివరి పేజీ వేరే సిరాతో ఉంది. "చెయ్యి ఎత్తానని సినిమాలో చెప్పాను. నిజానికి కొట్టాను. రెండుసార్లు. ఈ సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎవరో తెలియకుండా అచ్చు వేసుకోండి, పర్లేదు. సినిమా చూపించాలా, వద్దా? అన్నయ్య అన్నట్టు నేను అమ్మ పరువు తీస్తున్నానా?"

*

మీ చివరి పేజీ దగ్గరే మొదలుపెడతాను. మొదటి ఆరు పేజీలూ సినిమా గురించి రాసి, ఏడో పేజీకి సిరా మార్చారు. అసలు ఉత్తరం అదేనని నాకనిపించింది.

అలసిపోయిన మనిషి చేత అలసట ఏమైనా చేయిస్తుంది. ఆరేళ్లు రాత్రిళ్లు నిద్ర లేకుండా గడపడం ఎలాంటిదో తెలిసినవాళ్లెవరూ మిమ్మల్ని రాక్షసి అనరు. అలాగని "పోనీలెండి, ఎవరికైనా జరిగేదే" అని నేను దాటేయలేను. దెబ్బ తిన్న మనిషికి ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో కూడా తెలియదు. అందుకే ముందు నాకు ఒక్క జవాబు కావాలి. ఇది గతమా, ఇప్పుడూ అంతవరకూ వస్తోందా? ఆ రెండోసారి ఎప్పుడో మీరు రాయలేదు. ఈ మధ్యే అయితే, సినిమా సంగతి పక్కన పెట్టండి. అమ్మగారిని చూసే డాక్టరుకు ఈ వారంలోనే చెప్పండి. "నాకు రాత్రిళ్లు భయమేస్తోంది, చెయ్యి జారుతోంది" అంటే చాలు. రాత్రి అలజడికి కొన్నిసార్లు మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, నొప్పో, పడని మందో కారణమవుతుంది. అవి సరిచేయగలిగినవి. వారానికి రెండు రాత్రులైనా ఇంకొకరు కాపలా ఉండే ఏర్పాటు చేసుకోండి. కొన్నాళ్లు రోగిని అప్పజెప్పి ఊపిరి తీసుకునే వీలు మీకు అందుబాటులో ఉంటే వాడుకోండి. అన్నయ్య పంపే డబ్బులో మొదటి ఖర్చు అదే కావాలని నేనంటాను. ఆయనతో మాట్లాడటానికి సినిమా కంటే అది మంచి అంశం కూడా.

గతమే అయితే, ఒక మనిషికైనా ఎదురుగా కూర్చుని చెప్పండి. ఉత్తరం రాయడం మొదటి మెట్టు, కాదనను. కానీ నేను కాగితాన్ని. మీ ముఖం చూసి ఇంకో మాట అడగలేను. సినిమా కూడా అంతే. చీకటి గదిలో నలభైమంది మీ గొంతు విని కళ్లు తుడుచుకుంటే క్షమించినట్టు అనిపిస్తుంది. ఇంటికొచ్చాక ఆ బరువు అక్కడే ఉంటుంది.

ఇక సినిమా.

ఈ పద్ధతి ఎలా పుట్టిందో మీకు చెప్పారో లేదో. 1990లలో కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల జో లాంబర్ట్, డేనా ఆచ్లీ, మరికొందరు కలిసి మొదలుపెట్టారు. దీన్ని డిజిటల్ స్టోరీ టెల్లింగ్ అన్నారు. కెమెరా పట్టుకోవడం రానివాళ్లు కూడా ఇంట్లో ఉన్న ఫొటోలు, సొంత గొంతు, రెండు మూడు నిమిషాల మాటలతో సినిమా చేయొచ్చని చూపించారు. ముందు అందరూ గుండ్రంగా కూర్చుని కథ చెప్పుకుంటారు. దాన్నే స్టోరీ సర్కిల్ అంటారు, మీరూ కూర్చునే ఉంటారు. తర్వాత రాసుకుని, చదివి, రికార్డు చేస్తారు. 2003లో ఇంగ్లండులో పిప్ హార్డీ, టోనీ సమ్నర్ ఈ పద్ధతిని వైద్యరంగంలోకి తెచ్చారు. రోగులు, వాళ్లను చూసుకునేవాళ్లు, నర్సులు, డాక్టర్లు తమ కథలు తామే చెప్పుకునే 'పేషెంట్ వాయిసెస్' అది. మీకు పనికొచ్చే సంగతి అక్కడ ఒకటుంది. వాళ్లు అనుమతి రెండుసార్లు తీసుకుంటారు, వర్క్‌షాపుకి ముందు ఒకసారి, పూర్తయిన సినిమా చూసుకున్నాక మరోసారి. కారణం తేలికగానే అర్థమవుతుంది. మొదటి రోజు సంతకం పెట్టేటప్పుడు ఏం చెప్పబోతున్నామో మనకే తెలియదు. మీరే చూడండి, "అమ్మ స్కూలు రోజుల గురించి చెబుదామని వెళ్లాను" అని రెండో పేజీలో రాశారు.

కాబట్టి మొదటి సంతకంతో అంతా అయిపోయిందని టెన్షన్ పడకండి. మీ నిర్వాహకులూ రెండో సంతకం అడుగుతున్నారంటే ఆ పద్ధతే పాటిస్తున్నారు. అయినా ఆ మొదటి కాగితం తీసి మళ్లీ చదవండి. ఎక్కడ చూపిస్తారు, ఎన్నాళ్లు, మధ్యలో వద్దంటే ఏం చేస్తారు అని వెతకండి. లేకపోతే అడిగి రాయించుకోండి. "సరే" అన్నవాళ్లకు "ఇంతవరకే" అనే హక్కు కూడా ఉంటుంది.

ఇప్పుడు అన్నయ్య మొదటి మాట. అమ్మకు తెలివిడి ఉంటే ఒప్పుకునేదా? ఆయన కోపంతోనే అని ఉండొచ్చు, ప్రశ్న మాత్రం సరైనదే. మీ సినిమాలో రెండు కథలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఆరేళ్లు చూసుకున్న కూతురి కథ మీది. నిద్ర లేకపోవడం, బయట వరండాలో కూర్చోబెట్టిన అవమానం, చెయ్యి ఎత్తిన రాత్రి మీవే. వాటికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కట్టేసిన చెయ్యి, చెదిరిన జుట్టు, తెరుచుకున్న నోరు అమ్మగారివి. తనేం కోల్పోతోందో చెప్పలేని మనిషి తరఫున ఇంకొకరు మాట్లాడేటప్పుడు, "నాకేం కావాలి" అన్నది కొలత కాదు. ఆమె నిండు తెలివిడితో ఉన్న రోజుల్లో ఏమని ఉండేది, అన్నదే కొలత. ఇలాంటి సందర్భాల్లో ఎవరు అనుమతి ఇవ్వొచ్చన్న చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఆస్పత్రివాళ్లను అడగండి, వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉండాలి. కానీ చట్టం ఒప్పుకున్నా మీకు మిగిలే ప్రశ్న ఇదే.

జవాబు కూడా మీ ఉత్తరంలోనే ఉంది. తల దువ్వుకోకుండా గుమ్మం దాటని మనిషి అని రాశారు. ఆ మనిషి ఆ ఫొటోకు ఒప్పుకోదు. నేనైతే తీసేస్తాను.

తీసేస్తే సినిమా చచ్చిపోతుందని మీ భయం. "అది లేకపోతే ఎవరు నమ్ముతారు?" అని రాశారు. ఆ చోట ఇంకో బొమ్మ పెట్టి చూడండి. మంచం పక్కన విప్పేసిన గుడ్డముక్క. అమ్మగారి కళ్లజోడు పెట్టె. స్కూల్లో సుద్దముక్క పట్టుకున్న అదే కుడిచెయ్యి, పాత ఫొటోలోంచి చెయ్యి వరకే కత్తిరించి. మీ గొంతు "రాత్రంతా కట్టేసి ఉంచారు" అంటున్నప్పుడు తెర మీద సుద్దముక్క పట్టుకున్న చెయ్యి కనిపిస్తే, చూసేవాళ్లకు రెండు చేతులూ కనిపిస్తాయి. ముఖం చూపిస్తే జాలిపడతారు. చెయ్యి చూపిస్తే ఆలోచిస్తారని నా అనుభవం. ఇది నా ఇష్టం మాత్రమే, మీది వేరుగా ఉండొచ్చు.

ముఖం ఉంచాలనే మీరు నిర్ణయించుకుంటే, కనీసం ఫ్రేమ్ అంతా వేలు పెట్టి వెతకండి. మణికట్టు పట్టీ మీద పేరు, మంచం చివర కేసు షీటు, వెనక మంచం మీద ఇంకో రోగి, నర్సు బ్యాడ్జి. పక్క మంచం ఆమె ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆ నర్సు కూడా.

నర్సు మాట వచ్చింది కాబట్టి ఆస్పత్రి సంగతి చూద్దాం. కట్టేసిన రాత్రి గురించి మీకు రెండు రకాల కోరికలు ఉన్నాయి, మీ ఉత్తరంలో అవి పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ఒకటి, జరిగినదానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. రెండోది, ఇంకో అమ్మకు ఇలా జరగకూడదు. మొదటిదానికి సినిమా పనికిరాదు. తేదీ, వార్డు, ఎవరు ఏమన్నారు, మిమ్మల్ని ఎందుకు బయటికి పంపారు అని రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సినిమా చూసి "ఎంత బాగా చెప్పారండీ" అంటారు తప్ప ఫైలు తెరవరు. ఫిర్యాదు ఇచ్చి సినిమా కూడా ఇవ్వొచ్చా అంటే ఇవ్వొచ్చు. కాకపోతే ఫిర్యాదు నడుస్తుండగా సినిమా ఇస్తే, అది ఎవరి వైపు సాక్ష్యమో తేలక రెండూ పలచనవుతాయి. ఒకటి ముగిశాక రెండోది మేలు. అమ్మగారికి ఇప్పటికీ అక్కడే వైద్యం నడుస్తోందని రాశారు. నోరు తెరిస్తే రేపు చిన్నచూపు చూస్తారేమోనన్న భయం అక్షరాల మధ్య వినిపిస్తోంది. ఆ భయం నిజమయ్యే అవకాశం మీకే బాగా తెలుసు. అలా అనిపిస్తే, ఆ ఆస్పత్రికి ఇవ్వకుండా ఇంకో నర్సింగ్ కాలేజీకి ఇచ్చే దారి కూడా ఉంది. కథ పాడవదు, గోడలు మారతాయంతే.

రెండో కోరికకు మాత్రం సినిమా నిజంగా పనికొస్తుంది. ఆస్పత్రిలో చేరిన వృద్ధులకు, అందులోనూ డిమెన్షియా ఉన్నవాళ్లకు, ఉన్నట్టుండి మతి చెదిరి అలజడి చేయడం మామూలే. డెలీరియం అంటారు. చేతులు కట్టేస్తే ఆ అలజడి తగ్గకపోగా పెరుగుతుంది. తెలిసిన ముఖం పక్కన ఉంటే తగ్గుతుంది. అంటే ఆ రాత్రి వాళ్లు బయటికి పంపిన మందు మీరే. ఈ ముక్క పుస్తకంలో చదివిన విద్యార్థి పరీక్ష రాస్తుంది. వరండాలో కూర్చున్న మీ గొంతులో విన్న విద్యార్థి, ఏదో ఒక రాత్రి డ్యూటీలో గుడ్డముక్క చేతిలోకి తీసుకున్నప్పుడు ఆగే అవకాశం ఉంది.

అయితే ఎలా చూపిస్తారన్నది అడగండి. ఇంగ్లండులో చాలా ఆస్పత్రుల బోర్డు సమావేశాలు ఒక రోగి కథతో మొదలవుతాయి. మంచి అలవాటే. కానీ కథ వినేసి, రెండు నిమిషాలు మౌనంగా ఉండి, తర్వాతి అంశం బడ్జెట్‌కు వెళ్లిపోతే అది కథకు మర్యాద కాదు. మీ సినిమా తర్వాత ఎంతసేపు మాట్లాడిస్తారు, ఎవరు మాట్లాడిస్తారు, "ఆ రాత్రి ఇంకేం చేయొచ్చు" అన్న ప్రశ్న విద్యార్థులకు వేస్తారా? చందాల సభల్లో, ప్రకటనల్లో వాడబోమని రాసిస్తారా? మొదటిసారి మీరు గదిలో ఉండొచ్చా? ఇవి అడిగితే చిరాకుపడేవాళ్లకు ఇవ్వకండి.

నెట్ సంగతి వేరు. తరగతి గదిలో నలభైమందికి చూపించినది మళ్లీ ఆపొచ్చు. ఫలానా ఏడాది నుంచి వద్దు అంటే వాళ్లు ఆ ఫైలు తీసేయగలరు. నెట్‌లో పెట్టినదాన్ని పెట్టినవాళ్లు తీసేసినా కాపీలు ఎక్కడో తిరుగుతుంటాయి. ఇలాంటి సినిమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద, అంటే కొన్ని షరతులతో ఎవరైనా కాపీ చేసి పంచుకోవచ్చన్న ముందస్తు అనుమతితో, వదలడం కద్దు. చదివేటప్పుడు ఉదారంగా ఉంటుంది. కానీ ఒకసారి అలా వదిలితే, అప్పటికే తీసుకున్నవాళ్ల నుంచి ఆ అనుమతి వెనక్కి తీసుకోలేరు. ఎక్కువమందికి చేరడమే మీకు ముఖ్యమైతే మధ్యే మార్గం ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆన్ మెక్‌ఫెర్సన్, ఆండ్రూ హెర్క్స్‌హైమర్ అనే ఇద్దరు డాక్టర్లు తమ సొంత జబ్బుల అనుభవంతో ఒక పని మొదలుపెట్టారు. ఆమెకు రొమ్ము క్యాన్సర్, ఆయనకు మోకాలి చిప్ప మార్పిడి. రోగుల అనుభవాలు రికార్డు చేసి 2001లో వెబ్‌సైట్‌గా తెచ్చారు. ఇప్పుడు దాని పేరు హెల్త్‌టాక్. అక్కడ మాట్లాడినవాళ్లు ముఖంతో వీడియో ఉంచొచ్చు, గొంతు ఒక్కటే ఉంచొచ్చు, అదీ వద్దంటే రాతలో ఉంచొచ్చు. మీరూ అలా గదికి ఒక రూపం, నెట్‌కి ఇంకో రూపం ఇవ్వొచ్చు. రెండోదాంట్లో అమ్మగారి ముఖం, స్కూలు, ఊరు గుర్తుపట్టే గుర్తులు ఏవీ లేకుండా. గొంతును తెలిసినవాళ్లు గుర్తుపడతారన్నది మాత్రం మరిచిపోకండి. హెడ్మిస్ట్రెస్ గారి దగ్గర చదువుకున్న పిల్లలు ఎంతమంది ఉంటారో!

ఇప్పుడు ఆ ఒక్క వాక్యం. "చెయ్యి ఎత్తాను." కొట్టానని చెప్పలేదు కాబట్టి అబద్ధమాడానని బాధపడుతున్నారు. మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ ఖరీదుంది. ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే, చూసిన ప్రతిసారీ ఆ వాక్యం దగ్గర మీకు గుచ్చుకుంటుంది. విద్యార్థులు వచ్చి "మీరు ఎంత ఓర్చుకున్నారండీ" అంటే ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది. తీసేస్తే సినిమా ఆస్పత్రి తప్పుల జాబితా అవుతుంది. మీరు అందులో తప్పు లేని మనిషి అవుతారు, అది మీకే నచ్చదు. నిజం పూర్తిగా చెప్పి మళ్లీ రికార్డు చేస్తే, అది బలమైన సినిమా అవుతుంది. కానీ నిస్సహాయుల మీద చెయ్యి పడిందని తెలిస్తే పైవాళ్లకు తెలియజేయాల్సిన బాధ్యత చాలా చోట్ల నర్సులకు, డాక్టర్లకు ఉంటుంది. గదిలో కూర్చున్నవాళ్లకు అది విన్నాక ఊరుకునే వీలుండకపోవచ్చు. అందుకే డాక్టరుకు ముందే చెప్పమన్నాను. మీరే వెళ్లి చెబితే సాయం వైపు నుంచి మొదలవుతుంది. తెర మీద చూసి వాళ్లంతట వాళ్లు తెలుసుకుంటే విచారణ వైపు నుంచి.

నాలుగోది ఒకటి నాకు తోస్తోంది. ఏం చేశారో చెప్పకుండా ఎక్కడిదాకా వచ్చారో చెప్పే వాక్యం ఉంటుంది. "ఆ రాత్రి నన్ను చూసి నాకే భయమేసింది" లాంటిది. ఇందులో అబద్ధం లేదు, దాచినట్టూ లేదు. ఇది నా వాక్యం, మీరు వాడుకోవద్దు. మీది మీకు దొరుకుతుంది. సుమారు మూడొందల మాటల స్క్రిప్టులో ఒక్క వాక్యం మార్చడం, మళ్లీ చదవడం అరగంట పని. నిర్వాహకులు కుదరదంటే అది సాంకేతిక సమస్య కాదు.

అన్నయ్య రెండో మాట మీరు అర లైనులో రాసి దాటేశారు. "నేను లేనట్టే చేశావు." నాకు ఆయన కోపం అంతా అక్కడే ఉందనిపిస్తోంది. అమ్మ పరువు అన్నది చెప్పుకోవడానికి సులువైన మాట. పద్నాలుగు ఫొటోల్లో ఆయన ఎక్కడున్నారని వెతికితే, చివరి ఫొటోలో అమ్మ ఒడిలో మీరు, పక్కన సగం కత్తిరించిన పిల్లాడి భుజం అని మీరే వర్ణించారు. కత్తిరించింది ఎడిటింగ్ కోసమేనా?

ఆయన్ని సినిమాలో ఇరికించమని నేననను. మీ ఆరేళ్లలో ఆయన ఎంత ఉన్నారో సినిమాలోనూ అంతే ఉండాలి. సినిమా ఆపే హక్కు కూడా ఆయనకు లేదు. కానీ ఆయన అమ్మ కూడా ఆమే. డబ్బు పంపడం తప్ప ఇంకేం చేయాలో తెలియని కొడుకుకు ఆ కట్టేసిన చెయ్యి ఫోన్ తెర మీద, ఒంటరిగా, ముందస్తు మాట లేకుండా కనిపించింది. మీకు మూడు రోజుల స్టోరీ సర్కిల్ ఉంది, చుట్టూ వినేవాళ్లు ఉన్నారు. ఆయనకు ఎవరున్నారు? మీరు సినిమా పంపిన తీరు తప్పని నా అభిప్రాయం. ఈసారి స్క్రిప్టు కాగితం పంపండి, లేదా ఫోన్ చేసి చదివి వినిపించండి. ఏది మార్చాలని కాకుండా, "నీకు గుర్తున్న అమ్మ ఫొటో ఒకటి పంపు" అని అడిగి చూడండి. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఆయన దగ్గరే ఉండొచ్చు. పంపకపోయినా మీ పని ఆగదు. పంపితే, రాత్రి కాపలాకు మనిషిని పెట్టే మాట అదే ఫోన్లో ఎత్తండి.

ఎవరికీ చూపించకపోవడం కూడా ఒక దారే. ఆ మూడు రోజుల్లో చెప్పుకోవడమే మీకు కావలసింది అయి ఉంటే, సినిమా పెన్‌డ్రైవ్‌లో ఉండిపోతుంది, ఎవరికీ నష్టం లేదు. ఒక నర్సు ఆగే అవకాశం పోతుందంతే. అది చిన్నదో పెద్దదో తూచాల్సింది మీరే.

నెలాఖరు గడువు గురించి ఆఖరుగా. నిర్వాహకులకు ఇవాళే రెండు వాక్యాలు రాయండి. ఒక ఫొటో, ఒక వాక్యం మార్చే ఆలోచనలో ఉన్నానని, అందాకా ఎక్కడా చూపించవద్దని. డాక్టరు అపాయింట్‌మెంట్ అయ్యాకే రెండో సంతకం పెట్టండి.